పత్తికొండ టీ ధర

ఏడాదికోసారి పేపర్లో ఒక వార్త వస్తుంది. ఫలానా ధనిక దేశంలో మనిషి సగటు ఆదాయం ఇంత, మనలాంటి మధ్యాదాయ దేశాల్లో ఇంత, వాళ్ళది మనకు ఇన్ని రెట్లు అని. ఆ వార్త వచ్చిన ఉదయం కర్నూలులో మా కాలనీ పార్కు చూడాలి. నడవడానికి వచ్చిన పెద్దమనుషులంతా నడక మానేసి, బెంచీల మీద చేరి దేశం పరువు తీస్తుంటారు. "మనం ఎప్పటికీ ఇంతేలే" అని ఒకరంటే, "ఆ అంకెలన్నీ ఏసీ గదుల్లో కూర్చుని వండినవి" అని ఇంకొకరు. మొదటి మాట నేను భరిస్తాను. రెండో మాట వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ అంకెల కోసం ఎండలో పత్తికొండ అంగళ్ళ వెంట తిరిగి చెప్పులు అరగ్గొట్టుకున్నదాన్ని నేను.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు ట్యాబు చేతపట్టుకుని ధరలు నింపుతున్నారు. బాగానే ఉంది. కానీ ఆ ట్యాబు ఎర్రగా మెరిసి "ఈ ధర సరిగా లేదు" అన్నప్పుడు ఏం చేయాలో ట్యాబు చెప్పదు. మా కాలంలో అలా ఒకసారి ఎర్రగా మెరిసింది ఒక గ్లాసు టీ. దాని కథే ఇది.

నాది గణాంక విభాగంలో ఉద్యోగం. చివరి పదేళ్ళు ధరల సేకరణ పర్యవేక్షకురాలిని. "బీరకాయలు ఎంతమ్మా అని అడిగి రాసుకోవడానికి కూడా ఒక ఆఫీసా?" అని మా ఆయన స్నేహితులు వెటకారం చేసేవాళ్ళు. వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతాను. దేశంలోని వాళ్ళందరూ ఏడాదిలో ఇంటా బయటా సంపాదించిన మొత్తాన్ని స్థూల జాతీయ ఆదాయం అంటాం. దాన్ని జనాభాతో భాగిస్తే తలసరి ఆదాయం వస్తుంది. ఇక్కడిదాకా బడిపిల్లలకూ తెలుసు. చిక్కంతా ఇంకో దేశంతో పోల్చేటప్పుడే. బ్యాంకులో డాలరు రేటు కట్టి మార్చేస్తే సరిపోదు. ఆ ధనిక దేశంలో ఒక్కరు క్షవరం చేయించుకునే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ చేయించుకుని, మిగిలిన దాంతో టిఫిన్ చేసి రావచ్చు. అందుకని దేశదేశాల్లో ఒకే రకం వస్తువుల ధరలు సేకరించి, ఎక్కడి డబ్బు ఎంత కొంటుందో చూసి, అప్పుడు ఆదాయాలను పక్కపక్కన పెడతారు. ఆ సేకరణలో మా వంతు కర్నూలు, రాయచోటి, పత్తికొండ లాంటి ఊళ్ళు.

ఒకే రకం వస్తువు అనడం సులువు. ఎముకలు తీసిన కోడి రొమ్ము మాంసం ధర కావాలని పైనుంచి వచ్చింది. పత్తికొండలో కోళ్ళంగడి ఆయన్ని అడిగితే ఎగాదిగా చూశాడు. "ఎముకలు తీసేస్తే తినేకి ఇంకేముంటాది మేడమ్?" అన్నాడు. తల మర్దన లేకుండా ఒట్టి క్షవరం ధర చెప్పమంటే మంగలాయనకు కోపం వచ్చింది. "మర్దన లేకుండా పంపిస్తే నాకేం మర్యాద?" అని కత్తెర కింద పెట్టేశాడు. చివరికి మర్దనతో కలిపిన ధరే రాసుకుని, పక్కన ఆ సంగతి వివరించి పంపాం. అదీ మా పని. నాకు ఆ పని చాలా ఇష్టం. ఇప్పటికీ కూరగాయల బండి ఆగితే కొనకపోయినా ధర అడుగుతాను. మా వీధిలో బండివాళ్ళకు నేనంటే విసుగు.

పత్తికొండ ధరలు తెచ్చే బాధ్యత ఒక అమ్మాయిది. రాయచోటి దగ్గర పల్లెటూరు. తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. తల్లి కూలికి వెళ్ళి చదివించింది. మా దగ్గర ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. మాట తక్కువ, పని గట్టి. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం వేళ వాళ్ళమ్మ లేచి, తన బిడ్డ సర్కారు పని చేస్తోందని, దేవుడికి వందనాలని, ప్రతిసారీ చెప్పేదట. "ఎన్నిసార్లు చెప్తావు అమ్మా అని అంటే వినదు మేడమ్" అని ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వేది.

ఆమె పత్తికొండలో ఒక గాజుల అంగడి వెనక గదిలో అద్దెకుండేది. ఆ అంగడి నడిపేది ఒక ముస్లిం పెద్దావిడ. భర్త పోయాక ఒక్కతే అంగడి చూసుకుంటోంది. ఈ పిల్ల ఆమెను ఖాలా అని పిలిచేది. ఖాలా అంటే పిన్ని. గది అద్దెకిచ్చినామె అని ఆ అమ్మాయి నోట నేనెప్పుడూ వినలేదు, ఖాలానే.

ఆ ఏడాది మూడు విడతలుగా ధరలు పంపాం. పైన లెక్కలు సరిచూసే చోట పత్తికొండ టీ పట్టుబడింది. హోటల్లో టీ అనేది దేశదేశాల్లో సేకరించే వస్తువు. కప్పులో ఎంత టీ పోశారో కొలత గ్లాసుతో కొలిచి, ధర పక్కనే ఆ కొలత కూడా రాయాలి. లెక్క వేస్తే పత్తికొండ టీ కర్నూలు టీకి సరిగ్గా రెట్టింపు ఖరీదు తేలింది. ఒకసారి కాదు, మూడు విడతల్లోనూ. కర్నూలుకంటే పత్తికొండలో టీ ప్రియమా? ఎవరైనా నవ్వుతారు.

మా ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. కారణం ఉంది. అంతకుముందు ఏడాదే మా దగ్గర ఒక మహానుభావుడు ఇంట్లో పడుకుని ధరలు రాసి పంపాడు. మూతపడిన చెప్పుల అంగడి నుంచి కూడా నెలనెలా చెప్పుల ధరలు వచ్చేవి. ఎంత బుద్ధిగా ఉండేవో ఆయన అంకెలు! పాత ధర మీద ఒకటో రెండో రూపాయలు పెంచి, ఏ తనిఖీలోనూ చిక్కకుండా, బడికి తల దువ్వి పంపిన పిల్లల్లా ఉండేవి. ఆ అంగడి తలుపుకు తుప్పు పట్టిందని వేరే పని మీద వెళ్ళినవాళ్ళు చూసొచ్చి చెబితేగాని బయటపడలేదు. అప్పటినుంచి మా పెద్దసారుకు ఎవరిని చూసినా అనుమానమే.

"ఈ పిల్ల కూడా పత్తికొండకు పోతాందా, యాడన్నా కూర్చోని రాస్తాందా?" అని నన్ను గదిలోకి పిలిచి అడిగారు.

"పోతుంది సార్. ఆ ఊళ్ళోనే ఉంటుంది."

"ఉంటే మటుకు? ఉన్నోళ్ళంతా అంగట్లోకి పోతాండారా? మీరేమో అందర్నీ ఎనకేసుకొస్తారు."

నిజమే, వెనకేసుకొస్తాను. నా దగ్గర పని చేసేవాళ్ళను నేను తిట్టవచ్చుగానీ ఇంకొకరు తిడితే నాకు గిట్టదు. కానీ అప్పుడు నా చేతిలో ఏమీ లేదు. పత్తికొండ వెళ్ళి ఆ అమ్మాయిని అడిగితే ఒకటే మాట: "నేను కొలిచింది అంతే ఉండాది మేడమ్. హోటల్ గోడమీద పది అని ఉండాది." ఢిల్లీ నుంచి అధికారి వచ్చి స్వయంగా చూస్తారని, అందాకా మేమెవరం ఆ హోటల్లో కొలవకూడదని కబురు వచ్చింది. ధర కల్పించినట్టు తేలితే ఆ ఏడాది పత్తికొండ ధరలు మొత్తం కొట్టేస్తారు, ఆ అమ్మాయి కాంట్రాక్టు ఆగిపోతుంది. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. అది ఆమే చెప్పింది, బస్టాండులో నన్ను కర్నూలు బస్సెక్కిస్తూ.

"ఉద్యోగం పోతే పోనీ మేడమ్, ఇంకోటి చూసుకుంటా. అబద్ధం రాసిందని పంపేసినారంటే మాయమ్మ చర్చిలో ఎట్ల లేచి నిలబడతాది?"

నేనేదో ధైర్యం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, బస్సులో మాత్రం కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. మామూలుగా బస్సులో పక్కనున్నవాళ్ళతో లోకాభిరామాయణం లేకుండా నాకు దారి సాగదు.

ఢిల్లీ అధికారి మనవాడే, కోస్తా ఆయన. కొన్నాళ్ళు ఆ ధనిక దేశంలోనే ఈ పోలికల పని చేసి వచ్చాడు. మెత్తగా మాట్లాడతాడు, కానీ ఒక్క మాట కూడా వదలడు. జీపులో వస్తూ నాతో అన్నాడు: "మేడమ్, ధర తక్కువ వేసినా తప్పే, ఎక్కువ వేసినా తప్పే. ఇక్కడ లేని ఖరీదు చూపిస్తే మన రూపాయి తక్కువ కొంటుందని అర్థం. అంటే ఆ పట్టికలో మనం ఉన్నదానికంటే పేదవాళ్ళుగా కనిపిస్తాం. ఒక టీతో దేశం మునగదు, కానీ నేను చూసేది ఒక టీ కాదు. మిగతా వందల ధరలు నమ్మవచ్చా లేదా అని." నాకాయన మీద కోపం తెచ్చుకుందామంటే ఎక్కడా సందు దొరకలేదు.

పత్తికొండలో మేము దిగేసరికి టమేటా మండీ సందడి తగ్గుతోంది. అమ్మాయి ఇస్త్రీ చీర కట్టుకుని, కొలత గ్లాసు సంచిలో పెట్టుకుని నిలబడి ఉంది. హోటల్ రోడ్డు పక్కనే. గోడమీద పెయింటుతో "టీ 10" అని రోడ్డు అవతలి అంగళ్ళకు కూడా కనిపించేంత పెద్దగా రాసి ఉంది. అధికారి ముందు, వెనక మేమిద్దరం లోపలికి వెళ్ళాం. లోపల అందరూ మగవాళ్ళే. మమ్మల్ని చూసి ఒక బెంచీ ఖాళీ చేశారు.

"మూడు టీ" అన్నాడు అధికారి.

మూడు నిండు గ్లాసులు వచ్చాయి. అధికారి కొలత గ్లాసు అడిగి తీసుకుని, నెమ్మదిగా పోసి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. అమ్మాయి రాసిన దానికి రెట్టింపు ఉంది. రెండో గ్లాసు పోశాడు. అదీ అంతే. మూడోది నా టీ. అదీ లాక్కుని పోశాడు.

"అమ్మా, నువ్వు కొలిచింది ఈ హోటల్ టీయేనా?"

"అవును సార్."

"ఈ బెంచీ మీద కూర్చునేనా?"

"లేదు సార్. నేను ఈ హోటల్లోకి ఎప్పుడూ రాలేదు."

నిజం చెప్పడానికి కూడా ఒక వేళాపాళా ఉండాలి అనుకున్నాను. అధికారి హోటలాయన వైపు తిరిగి, ఈ అమ్మాయిని ఎప్పుడైనా ఈ హోటల్లో చూశావా అని అడిగాడు. ఆయన కూడా సత్యసంధుడే దొరికాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ తేరిపార చూసి, "నేను సూడలే సార్. ఆడోళ్ళు మా హోటల్లోకి వచ్చేది శానా తక్కువ. వచ్చింటే గుర్తుండేది" అన్నాడు.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బయట, ఎదురంగడి కాడ తాగినా సార్. అదే కొలిచినా" అంటోంది. అధికారి పెన్ను మూత తీశాడు.

అప్పుడు రోడ్డు అవతల నుంచి గాజుల ఖాలా వచ్చింది. అంగట్లోంచి ఇదంతా చూస్తూనే ఉందట. చేతిలో గాజుల తోరణం అలాగే ఉంది. గుమ్మంలోనే నిలబడి గట్టిగా అడిగింది.

"ఏమైంది బేటీ? ఎవరేమన్నారు? ఏమప్పా, మా పిల్లను ఏం జేస్తాండారు మీరు?"

"ఏం లేదు ఖాలా" అంటూ అమ్మాయి లేచి ఆమె దగ్గరికి పోయింది. ఆవిడ కొంగుతో పిల్ల మొహం తుడిచి, లోపలికి చూడకుండానే, "ఎప్పటి మాదిరే పొయ్యప్పా" అంది హోటలాయనతో. ఏడుపు ఎవరిదైనా ఆమె దగ్గర మందు అదొక్కటే కాబోలు.

హోటలాయన ఒక గ్లాసు నిండా టీ పట్టాడు. ఇంకో ఖాళీ గ్లాసు తీసుకుని సగం అందులోకి ఒంపాడు. రెండు గ్లాసులూ తెచ్చి వాళ్ళిద్దరి చేతుల్లో పెట్టాడు.

పడమటి సీమలో ఇది మామూలే, కన్నడ దేశం పక్కనే కదా. ఒక టీ చెప్పి ఇద్దరు పంచుకుంటారు. బైటూ అంటారు. కర్నూలులో మేమూ తాగేవాళ్ళం. కానీ రాయచోటి పల్లెలో పుట్టి, హోటల్ గడప తొక్కని ఆ పిల్లకు బైటూ అనే మాటే తెలియదు. చేతిలో గ్లాసును చూసింది. ఖాలా గ్లాసును చూసింది. గబగబా వచ్చి కొలత గ్లాసులో తన టీ పోసి అధికారి ముందు పెట్టింది.

"ఇదే సార్! నేను కొలిచింది ఇదే!"

సరిగ్గా ఆమె రాసినంతే ఉంది.

"ఓహో!" అన్నాడు హోటలాయన. "అక్కా, నువ్వు అంగడికి బైటూ తెప్పించుకునేది ఈయమ్మతో తాగేకా? నేను అంగట్లో ఎవరో బేరమొచ్చినోళ్ళు అనుకుంటాంటి."

తర్వాత కూర్చోబెట్టి అడిగితే సంగతంతా తేలింది. ఒంటరిగా హోటల్లోకి పోవడానికి పిల్ల మొహమాటపడింది. కానీ ధర రాసే మనిషే పోయి టీ కొనాలని నియమం. ఖాలా అంది, "నువ్వెందుకు పోతావు, ఈడికే తెప్పిస్తా." ఎప్పటి అలవాటు కొద్దీ ఒక టీ చెప్పేది, హోటల్ కుర్రాడు రెండు గ్లాసులు తెచ్చేవాడు. పిల్ల డబ్బు తీయబోతే ఖాలా తీయనిచ్చేది కాదు. పది రూపాయలు తానే పంపేది. ఆ పది రెండు గ్లాసులకూ కలిపి అని పిల్లకు తెలిసే దారే లేదు. ఎదురుగా గోడమీద పది అని ఉంది, చేతిలో గ్లాసు ఉంది. రెండూ నిజమే. రెండూ కలిపితే తప్పయింది.

"ఇచ్చేకి పోతే దుడ్లు తీసుకోదు సార్ ఈమె" అని ఆ పిల్ల ఖాలా మీద ఫిర్యాదు చేసింది, ఏడుస్తూ నవ్వుతూ.

"బిడ్డ దగ్గర టీకి దుడ్లు తీసుకుంటారా ఎవరన్నా?" అని ఆవిడ కసిరింది.

ఇక నా నోరు ఆగలేదు. "సార్, ఇంట్లో కూర్చుని రాసినవాళ్ళ అంకెలు నేను చూశాను. ఎక్కడా వంక పెట్టలేం. ఇట్లాంటి తప్పు రాయాలంటే పత్తికొండకు రావాలి, ఈ రోడ్డు మీద నిలబడాలి, ఈ ఖాలాతో కలిసి టీ తాగాలి. ఇంట్లో పడుకున్నోడికి సగం గ్లాసు ఎట్లా తోస్తుంది?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, బెంచీల మీదివాళ్ళు కూడా తలలూపారు.

అధికారి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు. పెన్ను మూత పెట్టి, "మూడు విడతలూ సరిదిద్దండి. పత్తికొండ ఉంటుంది" అన్నాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "నువ్వూ ఉంటావు. ఇకనుంచి డబ్బు నువ్వే ఇవ్వు, అమ్మా. ఎవరు డబ్బిస్తే వాళ్ళకే ధర తెలుస్తుంది" అన్నాడు. అది అక్షరాలా నిజం. ఆ పిల్ల ఖాలా భుజం మీద తల పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

ఖాలాకు మాత్రం ఇంకా సందేహం తీరలేదు. "ఇంతకూ టీని ఎందుకు కొలుస్తాండారు మీరు?" అని అడిగింది. అధికారి ఓపిగ్గా చెప్పాడు. ఫలానా దేశం ఉంది, శానా కలిగిన దేశం, వాళ్ళు మనకంటే ఎంత కలిగినవాళ్ళో తేల్చాలంటే అక్కడి టీ ఎంతో ఇక్కడి టీ ఎంతో తెలియాలి అని. ఆమెతో మాట్లాడుతూ ఆయన నోట కూడా 'శానా' వచ్చేసింది.

"ఆడ ఒక టీ ఎంతమంది తాగుతారప్పా?"

"అక్కడ పంచుకోరమ్మా. ఎవరి కప్పు వాళ్ళదే. ఇంతెత్తు కప్పు."

ఆయన చేత్తో చూపించిన ఎత్తును ఆవిడ ఒకసారి చూసింది. "అంతా ఒక్కరే తాగల్నా? పాపం" అంది.

హోటలంతా గొల్లుమంది. అధికారి కూడా చాలాసేపు నవ్వాడు. కానీ తిరుగుదారిలో, జీపు ఊరు దాటాక, ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ అంత పెద్ద కప్పుతో కిటికీ దగ్గర ఒక్కడే కూర్చునేవాడినని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. దేశాల ఆదాయాలు పోల్చే పట్టికలో దానికి గడి లేదు. ఉండాలని కూడా నేననను. ధనికులు ధనికులే. వాళ్ళకు నీళ్ళకు కరువు లేదు, మన పత్తికొండ రైతు టమేటా రోడ్డుపాలు చేసుకునే గతి వాళ్ళకు లేదు. ఒక టీని ఇద్దరు తాగినంత మాత్రాన ఆ తేడా చెరిగిపోదు. ఎంత తేడా ఉందో ఎక్కువా తక్కువా లేకుండా చెప్పడమే మా పని.

మా పెద్దసారు సంగతి విని, "అయితే పోతానే ఉండాదన్నమాట" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెన్నడూ వినలేదు. కాంట్రాక్టు పొడిగించారు. ఆ ఆదివారం వాళ్ళమ్మ చర్చిలో లేచి, తన బిడ్డ రాసిన టీ రేటు తప్పయినా తన బిడ్డ మాట తప్పు కాలేదని, ఢిల్లీ దొర వచ్చి తేల్చాడని సాక్ష్యం చెప్పిందట. పాస్టరుగారికి ముందూ వెనకా అర్థం కాకపోయినా "ఆమెన్" అన్నారట.

నేను రిటైరయ్యాను. ఆ అమ్మాయి తర్వాత పరీక్ష రాసి, అదే విభాగంలో పర్మనెంటు ఉద్యోగం తెచ్చుకుంది. మొన్న కర్నూలులో కొత్తవాళ్ళకు శిక్షణ అంటే నన్ను కూడా పిలిచారు. పాఠం చెబుతున్నది ఆమే. నేను వెనక వరసలో కూర్చున్నాను. స్థూల జాతీయ ఆదాయం, తలసరి, కొనుగోలు శక్తి అన్నీ నాకంటే బాగా చెప్పింది. చివర్లో ఒక కుర్రవాడు లేచి, ధరల సేకరణకు పోయినప్పుడు ముఖ్యంగా ఏం గుర్తుపెట్టుకోవాలి అని అడిగాడు.

ఆమె వెనక వరసలో ఉన్న నావైపు చూసింది.

"టీ రేటు రాసేకి ఒక్కరే పోండప్పా" అంది. "తాగేకి మటుకు ఎవర్నన్నా జత తోడుకోని పోండి."